జావా ప్రాజెక్టు నడవట్లేదా? ముందు ఎర్రర్‌లోని నంబర్ చూడండి

హన్మకొండ, కాజీపేట హాస్టళ్లలో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల సీజన్ మొదలైందంటే వినిపించే మాట ఒకటే: "అన్నా, సీనియర్ దాంట్ల మంచిగనే నడిచింది, నా దాంట్ల నడుస్తలేదు." ఆ వెంటనే జావా మొత్తం తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. రాత్రంతా పోతుంది, ఎర్రర్ మాత్రం అట్లనే ఉంటుంది. చాలాసార్లు ప్రాజెక్టు అడిగే వర్షన్ ఒకటి, సిస్టంలో ఉన్నది ఇంకొకటి. ఏది తేడాగా ఉందో ఎర్రరే చెప్తుంది.

సమస్య: "అన్‌సపోర్టెడ్ క్లాస్ వర్షన్ ఎర్రర్"

ఆ ఎర్రర్ లైన్‌ను చివరిదాకా చదవండి. అందులో 61.0 అని ఒక నంబర్, 52.0 అని ఇంకో నంబర్ కనిపిస్తాయి. ఒక్కోదాంట్లోంచి 44 తీసేయండి. 61 అంటే జావా 17, 52 అంటే జావా 8. అంటే కోడ్‌ను జావా 17తో కంపైల్ చేశారు, మీరేమో జావా 8తో నడుపుతున్నారు. అదే లెక్కన 55 అంటే 11, 65 అంటే 21.

జావా 17 ఎక్కించాక కూడా అదే ఎర్రర్ వస్తే, పాత జావా పాత్‌లో (ప్రోగ్రాంల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల లిస్టులో) ముందు కూర్చుందని అర్థం. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో "వేర్ జావా" అని కొట్టండి. పాత్‌లో ఎన్ని జావాలు ఉన్నాయో వరుసగా చూపిస్తుంది, పైనున్నదే నడుస్తుంది. ఒరాకిల్ ఇన్‌స్టాలర్ పెట్టే "జావాపాత్" ఫోల్డర్ చాలాసార్లు ఆ పైచోటు పట్టేస్తుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో మీకు కావాల్సిన జేడీకే (కంపైలర్‌తో సహా వచ్చే జావా కిట్) బిన్ ఫోల్డర్‌ను దానికంటే పైకి జరపండి. ఆ తర్వాత కమాండ్ ప్రాంప్ట్ మూసి మళ్లీ తెరవాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

లైబ్రరీలు దించి ప్రాజెక్టును బిల్డ్ చేసే టూల్ మావెన్‌ది వేరే దారి. అది పాత్ కంటే ముందు జావా ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే జావా హోమ్ వేరియబుల్‌ను చూస్తుంది. అందుకే జావా వర్షన్ అడిగితే 17 అని, మావెన్ వర్షన్ అడిగితే కింద జావా 8 అని రావచ్చు. రెండూ ఒకే వర్షన్ చూపించేదాకా మిగతా ఏదీ ముట్టుకోవద్దు. ఎక్లిప్స్, ఇంటెల్లిజే లాంటి కోడ్ ఎడిటర్లలో ప్రాజెక్టుకు విడిగా జేడీకే సెట్టింగ్ ఉంటుంది, దాన్నీ ఓసారి చూడండి.

సమస్య: "నో కంపైలర్ ఈజ్ ప్రొవైడెడ్"

మావెన్ ఇలా అంటే దానికి దొరికింది ఉత్త జేఆర్ఈ, అంటే కంపైలర్ లేని, నడపడానికి మాత్రమే పనికొచ్చే జావా. జావా హోమ్‌ను జేడీకే ఫోల్డర్‌కు తిప్పండి, అంతే. బిన్ ఫోల్డర్ దాకా ఇవ్వొద్దు, దానికి ఒక మెట్టు పైదాకానే.

సమస్య: టామ్‌క్యాట్ లేచింది, పేజీ మాత్రం 404

టామ్‌క్యాట్ అంటే జావా వెబ్ ప్రాజెక్టులను నడిపే సర్వర్. నాకు తెలిసి పిల్లల్ని ఎక్కువ ఏడిపించేది ఇదే. పాత సర్వ్‌లెట్ (వెబ్ రిక్వెస్టుకు జవాబిచ్చే జావా కోడ్) ప్రాజెక్టుల్లో ఇంపోర్ట్ లైన్లు "జావాక్స్ డాట్ సర్వ్‌లెట్" అని మొదలవుతాయి. ఒరాకిల్ 2017లో జావా ఈఈని (సర్వ్‌లెట్లు ఇందులోవే) ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగిస్తానంది. కానీ ఆ జావాక్స్ పేరుతో కొత్త మార్పులు చేసుకునే హక్కు వాళ్లకు దక్కలేదు. దాంతో జావా ఈఈకి జకార్తా ఈఈ అని పేరు మారి, 2020లో వచ్చిన దాని 9వ వర్షన్‌లో ఆ ప్యాకేజీల పేర్లన్నీ "జకార్తా"గా మారాయి. టామ్‌క్యాట్ 9 పాత పేర్లతో, టామ్‌క్యాట్ 10 కొత్త పేర్లతో పనిచేస్తాయి. పాత ప్రాజెక్టును 10లో పెడితే మీ సర్వ్‌లెట్ దానికి కంటికే ఆనదు.

రివ్యూ రేపే ఉంటే టామ్‌క్యాట్ 9 పెట్టుకోండి, టెన్షన్ ఉండదు. టైముంటే పేర్లు మార్చుకోండి. కాకపోతే ఫైండ్ అండ్ రీప్లేస్‌తో జావాక్స్ అన్నదల్లా మార్చేయకండి. జావాక్స్ డాట్ ఎస్‌క్యూఎల్, స్వింగ్, క్రిప్టో జేడీకేలోనివి, వాటి పేర్లు మారలేదు. జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 2 నుంచి 3కి వెళ్లినా ఇదే కథ, పైగా 3కి కనీసం జావా 17 కావాలి.

సమస్య: లైబ్రరీ దిగదు, నెట్ వచ్చినా దిగదు

హాస్టల్ వైఫై మధ్యలో పోతే మావెన్ ఆ ఫెయిల్యూర్‌ను గుర్తుపెట్టుకుని, కొంతకాలం మళ్లీ అడగనంటుంది. మావెన్ కమాండ్‌కు "మైనస్ క్యాపిటల్ యూ" జోడించి నడపండి. అప్పటికీ మొండికేస్తే యూజర్ ఫోల్డర్‌లోని "డాట్ ఎం2" లోపల, రిపాజిటరీలో, ఆ ఒక్క లైబ్రరీ ఫోల్డర్ తీసేయండి. మొత్తం డాట్ ఎం2 ఎగరగొడితే మొబైల్ డేటా అంతా దానికే అయిపోతుంది.

సమస్య: "నో సచ్ మెథడ్ ఎర్రర్"

చాలాసార్లు దీనికి కారణం, ఒకే లైబ్రరీని వేర్వేరు చోట్ల వేర్వేరు వర్షన్లలో అడగడం. మావెన్ డిపెండెన్సీ ట్రీ కొడితే ఎవరు తెచ్చారో తెలుస్తుంది. అక్కర్లేనిదాన్ని పోమ్ ఫైల్‌లో (మావెన్ సెట్టింగ్స్ ఉండే ఫైల్) ఎక్స్‌క్లూడ్ చేయండి. ఇక జావా 21 పెట్టగానే "నో సచ్ ఫీల్డ్ ఎర్రర్"తో కంపైలేషన్ కుప్పకూలి, అందులో జేసీఇంపోర్ట్ అన్న మాట ఉంటే మీ లాంబాక్ (గెటర్, సెటర్ లాంటి కోడ్ తనే రాసిపెట్టే లైబ్రరీ) పాతది. 1.18.30 గానీ, ఆ తర్వాతిది గానీ వేయండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 17 లేదా 21 పెట్టుకోండి, రెండూ ఎల్‌టీఎస్ వర్షన్లే, అంటే ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చేవి. అడాప్టియం సైట్‌లో టెమురిన్ జేడీకే ఉచితంగా దొరుకుతుంది. ల్యాబ్ కోసం 8 కావాలంటే 17 తీసేయక్కర్లేదు. రెండూ వేర్వేరు ఫోల్డర్లలో ఉంచుకుని, పాత్‌ను, జావా హోమ్‌ను ఆ రోజు పనికి తగ్గట్టు మార్చుకుంటే సరి.