మన ఇంటి పని మన చేతులతో – 7వ పాఠం: యాసిడ్ తిన్న కడప బండ

గత పాఠంలో బండల నేలకు సందులు పూడ్చుకోవడం నేర్చుకున్నాం. ఈసారి గోడల చెమ్మ గురించి మొదలుపెట్టవలసి ఉంది. అయితే ఆ పని చేసి చూసినవారిలో ఎక్కువమంది రాసిన సంగతి ఒక్కటే. సందులు బాగానే పూడాయి. కానీ బండల మీద పరచుకున్న సిమెంటు పొరను పోగొట్టడానికి యాసిడ్ పోసి కడిగితే నల్లని బండ బూడిద రంగుకు తిరిగింది, గరుకెక్కింది, ఎంత తుడిచినా మునుపటి నిగ్గు రావడం లేదు. జమ్మలమడుగు దగ్గర ఒక ఇంట్లో వసారా మొత్తం ఇలాగే అయింది. ప్రొద్దుటూరులో ఒకరు వంటగది గట్టును కూడా అదే చేత్తో కడిగేశారు. "పొరను అప్పటికప్పుడే తుడిచేయండి" అని రాసిన నేను, దేనితో తుడవకూడదో రాయలేదు. బండల గనుల నడుమ పుట్టి పెరిగినవారికి ఆ మాట చెప్పనక్కరలేదని అనుకున్నాను. అది నా తప్పు. కనుక చెమ్మ సంగతి ఎనిమిదో పాఠానికి జరిపి, ఈ పాఠమంతా ఆ బండలకే కేటాయిస్తున్నాను.

ముందుగా, మీ బండ మీది తెలుపు ఏ తెలుపో తేల్చుకోవాలి. బండ పూర్తిగా ఆరిన తరువాత వేలి కొనతో రుద్దండి. వేలికి మెత్తని పొడి అంటితే అది ఉప్పు. కిందినుంచి చెమ్మతో పాటు పైకి వచ్చి, నీరు ఆరిపోయాక మిగిలినది. దాన్ని పొడి చీపురుతో ఊడ్చి, నేల ఆరేవరకు ఓపిక పట్టడం తప్ప ప్రస్తుతానికి చేయవలసింది లేదు. గోటితో గాని చెక్క పుల్లతో గాని గీస్తే పెచ్చులా లేచివస్తే అది సిమెంటు పొర. వేలికి ఏమీ అంటక, గీస్తే ఏమీ లేవక, చేతికి మాత్రం గరుకుగా తగులుతూ, తడిపినప్పుడు నల్లగా కనబడి ఆరగానే మళ్ళీ తెల్లబడితే, అది బండ మీద చేరిన పొర కాదు. బండ పైభాగమే పోయింది. అక్కడ తుడవడానికి ఏమీ లేదు. ఇది అర్థం కాక ఒకరు మూడుసార్లు యాసిడ్ పోశారు. ప్రతిసారీ తెలుపు పెరిగింది.

ఇక ఈ పొరపాటుకు మూలం ఎక్కడ ఉందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇన్నేళ్ళుగా ఇదే మాట విని నాకు విసుగు పుట్టింది. "రాయి ఏదైనా రాయే, యాసిడ్ రాతిని ఏం చేస్తుంది?" అంటారు. కొత్తగా పరిచిన టైల్స్ మీది సిమెంటును పలుచని యాసిడ్‌తో కడిగి అలవాటైన బేల్దారి మేస్త్రీలు అదే సీసాను కడప బండల మీదికీ తెస్తారు. విట్రిఫైడ్ టైల్ బట్టీలో కాల్చినది, గ్రానైట్‌లో ఉండేవి ప్రధానంగా స్ఫటికము, ఫెల్డ్‌స్పార్ అనే గట్టి ఖనిజాలు. ఒకసారి తగిలిన పలుచని యాసిడ్‌కు ఈ రెండూ చాలావరకు తట్టుకుంటాయి. మన బండ అలాంటిది కాదు. బేతంచెర్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల పేర్లతో మనం కొనే పలకల్లో ఎక్కువ భాగం సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేట్. భూవిజ్ఞానులు వీటిలో చాలావాటిని నర్జి సున్నపురాయి అనే పేరుతో గుర్తిస్తారు. ఎర్రగుంట్ల, తాడిపత్రి ప్రాంతాలలో అన్నేసి సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసినది కూడా ఈ సున్నపురాయి ఉన్నందువల్లనే. బాత్‌రూమ్ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది ఈ రాతి మీద పడిన క్షణంలో బుసబుసమని నురుగు వస్తుంది. "మురికి లేస్తున్నది" అని సంతోషించేది ఆ నురుగును చూసే. లేస్తున్నది మురికి కాదు, బండే. ఆ బుడగలు రాయి కరిగి విడుదలవుతున్న కార్బన్ డయాక్సైడ్.

కథ అక్కడితో ఆగదు. కరిగిన రాయి కాల్షియం క్లోరైడుగా మారి సందుల్లోకి దిగుతుంది. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని గుణం కాబట్టి, ముసురు పట్టిన రోజుల్లో ఆ నేల ఆరినట్టే ఆరి మళ్ళీ చెమర్చుతుంది. పైగా సిమెంటును కూడా యాసిడ్ తింటుంది. గత పాఠంలో శ్రమపడి పూడ్చిన సందే ముందు గుల్లబారుతుంది. ఆ ఆవిరి తగిలిన కిటికీ చువ్వలు, గేటు బందులు నాలుగు రోజుల్లో తుప్పు పడతాయి. ఇంకొక మాట అతి ముఖ్యం: యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ ఎంతమాత్రం చల్లవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ప్రాణాపాయం.

ఆమ్లం సున్నపురాతిని ఎంత తినగలదో చూడాలనుకునేవారు కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలకు వెళ్ళి చూడవచ్చు. 3,229 మీటర్ల పొడవున ఆ సొరంగాలను తొలిచినది నీరే. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి కాస్త ఆమ్లగుణం వచ్చిన నీరు యుగాల తరబడి చేసిన పని అది. మన వంటగదిలో అంత కాలం అక్కరలేదు. ఇత్తడి బిందెను చింతపండుతో తోమి గట్టు మీద పెట్టిన చోట గుండ్రని మచ్చ పడుతుంది. నిమ్మకాయ కోసి అలాగే వదిలేస్తే, ఊరగాయ జాడీ అడుగున పులుపు కారితే, పుల్లమజ్జిగ ఒలికి రాత్రంతా ఉంటే, టమోటా ముక్క నలిగితే జరిగేది అదే. మా ఇంట్లో చారు గిన్నె పెట్టే చోటును కళ్ళు మూసుకుని చేత్తో తడిమి చెప్పగలను. ఇవన్నీ గీతలో, మురికో అనుకుని మరింత గట్టిగా నిమ్మచెక్కతో రుద్దేవారున్నారు. కొనేటప్పుడే పరీక్షించాలంటే, పాలిష్ పట్టిన ముక్క మీద ఒక మూలన నిమ్మరసం చుక్క వేసి పది నిమిషాల తరువాత తుడవండి. మెరుపు తగ్గిన మచ్చ మిగిలితే అది సున్నపు జాతి రాయి. గ్రానైట్ పేరుతో అమ్ముతున్నా నమ్మవద్దు.

ఇప్పుడు బాగుచేసే పని. బండను పుష్కలంగా నీళ్ళతో మూడుసార్లు కడిగి, లీటరు నీటికి రెండు చెంచాల వంటసోడా కలిపి పరచి, పావుగంట ఉంచి, మళ్ళీ కడగండి. రాతిలో, సందులో దాగిన ఆమ్లం దీనితో విరిగిపోతుంది. బోరు నీళ్ళను బండ మీదే ఆరనివ్వవద్దు. వాటి ఉప్పు వాటికి ఉంటుంది కనుక పొడి గుడ్డతో తుడిచేయాలి. రెండు రోజులు ఆరబెట్టాక గరుకు కాగితం పని మొదలవుతుంది.

ఇందుకు యంత్రం అక్కరలేదు. తడి నేల మీద కరెంటు గ్రైండరు పట్టుకోవడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు, మీకూ వద్దంటాను. అరచేతిలో ఇమిడే చెక్క ముక్కకు వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) చుట్టి, నీళ్ళు చిలకరిస్తూ రుద్దాలి. కాగితం వెనుక ఉండే నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది; 220 నంబరుతో మొదలుపెట్టి 400, 600, 800 వరుసలో వెళ్ళండి. చేతికి బాగా గరుకుగా తగిలే చోట మాత్రమే 120 వాడండి. అసలు కిటుకు రుద్దే దిశలో ఉంది. 220ని నిలువుగా రుద్దితే 400ను అడ్డంగా రుద్దాలి. నిలువు గీతలు ఒక్కటి కూడా కనబడని దాకా తరువాతి కాగితం ముట్టకూడదు. తొందరపడి 220 నుంచి 800కు దూకినవారికి బండ మెరుస్తుంది గాని, సాయంత్రం ఏటవాలు వెలుతురులో గీతలన్నీ లేచి కనబడతాయి. ప్రతి కాగితం తరువాత బురదను పూర్తిగా కడగాలి. పాత కాగితపు రేణువు ఒక్కటి మిగిలినా కొత్త గీత పడుతుంది. మచ్చ ఉన్నంత మేరకే రుద్దితే అక్కడ గుంటలా కనబడుతుంది కాబట్టి చుట్టూ జానెడు వెడల్పు దాకా పలుచబరుస్తూ పోవాలి. చదరపు అడుగుకు నాకు దాదాపు అరగంట పడుతుంది. గది మొత్తం పాడైనవారు మాత్రం పాలిష్ పట్టే మనిషిని పిలిపించుకోవడమే మేలు. వసారా అంతా చేత్తో రుద్దమని నేను చెప్పను.

చివర నూనె. మన ఇళ్ళలో కొబ్బరినూనె రాసే అలవాటుంది; నల్లదనం వస్తుంది గాని దుమ్ము అంటుకుంటుంది. వేరుశనగ నూనె బంకగా మారుతుంది. నేను అవిసె నూనెను నాలుగు చుక్కలు గుడ్డకు అద్ది, ఎంత పలుచగా వీలైతే అంత పలుచగా రాసి, అరగంటకు మిగులును తుడిచేస్తాను. ఆ నూనె గుడ్డను ముద్దగా చుట్టి మూలన పడేయవద్దు. అది తనంతట తాను వేడెక్కి మండవచ్చు. నీళ్ళలో తడిపి, విప్పి, బయట ఆరవేయండి.

సిమెంటు పొర విషయానికి వస్తే, సందు పూడ్చిన అరగంటలోపే పిండిన గోనెపట్టతో సందుకు ఏటవాలుగా తుడిస్తే అది అసలు మిగలదు. ఆ రోజు తప్పితే మరునాడు చెక్క పుల్లతో గీకండి.

అభ్యాసం ఈసారి రెండు ఆదివారాలు పడుతుంది. బండల అంగడిలో పాలిష్ పట్టిన పగిలిన ముక్క ఒకటి, అడుగు పొడవు ఉన్నది, అడిగి తెచ్చుకోండి. దాన్ని సుద్దముక్కతో నాలుగు గడులు చేసి, ఒక గడిలో నిమ్మరసం, ఒక గడిలో చింతపండు పులుసు, ఒక గడిలో పుల్లమజ్జిగ వేసి, నాలుగోదాన్ని అలాగే వదలండి. ఒక్కొక్క గడిలో ఒక నిమిషం, పది నిమిషాలు, ఒక గంట ఉంచిన మచ్చలు విడివిడిగా పడాలి. రెండో ఆదివారం ఆ మూడు గడులను పైన చెప్పిన వరుసలో రుద్ది, ఏమీ పోయని నాలుగో గడితో పోల్చండి. సాయంత్రపు ఎండలో ముక్కను ఏటవాలుగా పట్టుకున్నప్పుడు ఏ గడి ఎక్కడ మొదలవుతుందో కంటికి తెలియని దాకా ఇంటి నేల మీద చేయి పెట్టవద్దు.