కిహాన్సీ గోదురుకప్ప ఉందా, పోయిందా? రెడ్ లిస్ట్ పేజీ ఇలా చదవండి

టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ నగరానికి వచ్చి తొమ్మిదేళ్లయింది. లెక్కలు రాసుకునేవాడికి కప్పల గొడవెందుకు చెప్పండి? కానీ మా అమ్మాయికి స్కూలు ప్రాజెక్టుగా ఇక్కడి కిహాన్సీ గోదురుకప్ప వచ్చింది. ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే ప్రపంచ జాబితా రెడ్ లిస్ట్‌లో దాని పేజీ తెరిచి, మొదటి మాట చూసి, "అంతరించిపోయింది, రాసెయ్ తల్లీ" అన్నాను. టీచర్ ఎర్ర సిరాతో కొట్టేసింది. రెండు రోజులు పిల్ల నాతో మాట్లాడలేదు.

మీరు ముందు శాస్త్రీయ నామంతో వెతకండి: నెక్టోఫ్రైనోయిడెస్ ఆస్పెర్జినిస్. ఇక్కడి స్వాహిలీలో ఏ కప్పైనా చూరాయే. వాడుక పేరు పట్టుకుంటే ఎక్కడో తేలతారు.

తర్వాత కేటగిరీ. నేను బోర్లాపడింది ఇక్కడే. ఈఎక్స్ అని ఉంటే ఎక్కడా ఒక్కటీ మిగల్లేదని. కోస్టారికా బంగారు కప్పది ఆ కేటగిరీ, 1989 తర్వాత ఎవరికీ కనబడలేదు. ఈడబ్ల్యూ అంటే సొంత అడవిలో లేదు, పెంపకంలో మాత్రం బతికుందని. కిహాన్సీ కప్పకి 2009లో ఇచ్చింది ఈ రెండోది.

ప్రమాదాల గురించి రాసిన భాగం మాత్రం నిదానంగా చదవండి, కథంతా అందులోనే ఉంది. ఉడ్‌జుంగ్వా కొండల్లో ఒక్క లోయ, జలపాతం తుంపర పడే అయిదెకరాల నేల, అంతే దీని ప్రపంచం. విద్యుత్ కోసం డ్యామ్ కట్టి నీటిలో దాదాపు 90 శాతం మళ్లించేసరికి తుంపర ఆగిపోయింది. (మా ఇంట్లో ఫ్యాన్ తిరిగే కరెంటులో ఆ నీళ్లదీ వాటా ఉంది.) మనవాళ్లు తోటలకి పెట్టినట్టు పైపులు వేసి స్ప్రింక్లర్లు పెట్టారు. కప్పలు కోలుకుని 2003 నాటికి వేలల్లోకి చేరాయి. అంతలోనే కుప్పకూలాయి, 2004 మొదట్లో వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. చచ్చిన వాటిలో కైట్రిడ్ అనే ఫంగస్ దొరికింది. అందుకే "కారణం: డ్యామ్" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

సంఖ్యల దగ్గర ఇంకో తిరకాసు. జూలో ఉన్నవి అడవి లెక్కలోకి రావు. 2000లో 499 కప్పల్ని అమెరికాలోని బ్రాంక్స్ జూకి తీసుకెళ్లారు. వాటి సంతానంలో వందని 2010లో మా ఊరి యూనివర్సిటీకే తెచ్చారు, 2012లో లోయలో వదలడం మొదలుపెట్టారు. వదిలినంత మాత్రాన కేటగిరీ మారదు. అక్కడే పిల్లల్ని కని, వాటంతటవి నిలబడాలి.

చివరగా, అంచనా వేసిన తేదీ చూడండి. పదేళ్లు దాటితే అది పాతబడినట్టే. కేటగిరీ పక్కనే ఆ సంవత్సరం కూడా రాసేయండి.

మా అమ్మాయి ప్రాజెక్టు మళ్లీ రాసింది. బొమ్మ కూడా వేసింది: రూపాయి బిళ్లంత ఆడకప్ప, పల్చటి పొట్ట చర్మం లోంచి నల్లగా కనబడే పిల్లలు. ఈ కప్ప గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. అవి ఒక్కోటీ అర సెంటీమీటరు. ఈసారి టీచర్ ఏదీ కొట్టేయలేదు గానీ, "తోకకప్పలు వెయ్యలేదేం?" అని అడిగిందట.