పాత బుల్లెట్‌లో కరెంటు తిప్పలు: పార్టు కొనేముందు ఇవి చూడండి

మా ఇంట్లో ఉన్నది నాన్న కొన్న క్యాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350, పాయింట్ల బండి (స్పార్క్ కోసం కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్చే పాయింట్లు). కడప ఎండల్లో దాన్ని తిప్పుతూ నేర్చుకున్నవే రాస్తున్నా. ముందు మీ బండి 6 వోల్టులదో 12 వోల్టులదో చూసుకోండి. బ్యాటరీకి మూడు మూతలుంటే 6, ఆరుంటే 12. ఒక మల్టీమీటరు, సన్న గ్యాప్‌లు కొలిచే ఒక ఫీలర్ గేజి, ఒక స్పేర్ ప్లగ్గు ఉంటే చాలు.

ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాదు

ప్లగ్గు విప్పకముందే హెడ్‌లైట్ పైనున్న ఆంపియర్ మీటరు చూడండి. తాళం ఆన్ చేసి, లైట్లన్నీ ఆపి, కిక్‌ను నిదానంగా కిందికి తొక్కండి. ముల్లు మైనస్ వైపు కాస్త వాలి, మళ్లీ సున్నాకు రావాలి. పాయింట్లు కలిసినప్పుడు కాయిల్లోకి (ప్లగ్గుకు స్పార్క్ కోసం వోల్టులు పెంచి ఇచ్చేది) కరెంటు పోతుంది, విడిపోగానే ఆగిపోతుంది. ముల్లు చూపించేది అదే.

ముల్లు అసలు కదలకపోతే పాయింట్ల మీద నూనో మసో పట్టి ఉంటుంది, లేదంటే ఎక్కడో వైరు ఊడింది, తాళం స్విచ్ పోయింది. మైనస్‌లోనే నిలబడిపోతే పాయింట్లు విడిపోవడం లేదు, లేదా కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు ఎగరకుండా ఆపేది) షార్ట్ అయింది. సన్న ఎమరీ కాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, బాగా తెరుచుకున్నప్పుడు గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు పెట్టండి. ముల్లు చక్కగా ఊగుతున్నా స్పార్క్ లేదంటే అప్పుడు ప్లగ్గు, ప్లగ్గు వైరు, కాయిలు వరసగా చూడాలి. ఒక్క మాట: తాళం ఆన్‌లో వదిలేసి టీకి పోవద్దు, కాయిలు వేడెక్కి మాడుతుంది.

చల్లగా ఉంటే బాగుంటుంది, వేడెక్కితే ఆగిపోతుంది

ఇది నన్ను ఒక ఎండాకాలమంతా ఏడిపించింది. మధ్యాహ్నం ఒంటిమిట్టకు బయలుదేరితే దారిలో ఆగేది, చింతచెట్టు కింద అరగంట కూర్చుంటే మళ్లీ స్టార్ట్ అయ్యేది. ఒక షాపులో కాయిలు పోయిందన్నారు. కొత్తది వేయించినా అదే కథ. చివరికి చూస్తే పోయింది కండెన్సర్, కాయిలుతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ.

కాబట్టి బండి ఆగిన చోటనే, చల్లారకముందే చూడాలి. మొదట పెట్రోలు ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, వెంటనే బండి స్టార్ట్ అయితే అది కరెంటు సమస్యే కాదు, మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయింది. కాకపోతే స్పేర్ ప్లగ్గును సిలిండర్ తలకు ఆనించి స్పార్క్ చూడండి. స్పార్క్ బలహీనంగా ఉండి, పాయింట్ల దగ్గర పెద్ద నిప్పురవ్వలు ఎగురుతుంటే కండెన్సరే. పాయింట్ల దగ్గర శుభ్రంగా ఉండి కూడా ప్లగ్గుకు స్పార్క్ రాకపోతే కాయిలు మీద అనుమానపడవచ్చు.

హారన్ కొడితే లైటు మినుకుమంటుంది, ఇండికేటర్ వెలగదు

దాదాపు ఎప్పుడూ ఎర్త్ సమస్యే, అంటే కరెంటు బండి ఇనుము గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి సరిగా లేకపోవడం. ముఖ్యంగా కొత్తగా పౌడర్ కోటింగ్ వేయించిన బండ్లకు. పెయింటు అందంగానే ఉంటుంది, కానీ దాని మీద బిగించిన ఎర్త్ వైరుకు ఇనుము తగలదు. బోల్టు కింద పెయింటు గీకి, బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ నుంచి హెడ్‌లైట్ లోపలికి వేరే వైరు లాగండి. హ్యాండిల్ బేరింగుల గ్రీజు గుండా కరెంటు రావాలని నమ్ముకోవద్దు.

బ్యాటరీ దిగిపోతుంది, బల్బులు మాడిపోతున్నాయి

12 వోల్టుల బండిలో ఇంజన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కొలవండి. 14 నుంచి 14.5 చూపాలి. 12.6 దగ్గరే ఆగితే చార్జింగ్ లేదు, ఆల్టర్నేటర్ సాకెట్ల తుప్పు నుంచి మొదలుపెట్టండి. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ నీళ్లూ మరుగుతాయి. మేలో వారానికోసారి నీళ్లు చూసి, డిస్టిల్డ్ వాటరే పోయండి. మన బోరు నీళ్లు వద్దే వద్దు.

ఫ్యూజు పదేపదే పోతుంది

హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పి చూడండి. ఒకవైపు తిప్పినప్పుడే పోతే హ్యాండిల్ తిరిగే స్టీరింగ్ హెడ్ దగ్గర వైరు ఒరుసుకుని తోలు ఊడి ఉంటుంది. లేకపోతే ట్యాంకు కింద వెతకండి. దొరికేదాకా ఫ్యూజు బదులు సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టి నడపొద్దు, వైరింగ్ మొత్తం కాలిపోతుంది.