జియాలజీనా, మైనింగా? చేరేముందు, చేరాక

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మా విజయనగరం జిల్లా చీపురుపల్లి, గరివిడి వైపు నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, జియాలజీ మంచిదా, మైనింగ్ మంచిదా?" అని. వెనకాల నుంచి ఎవరో పెద్దమ్మ గొంతు కూడా వినిపిస్తుంది: "రాళ్లు కొట్టుకునే సదువేటే?" నేను చదివింది జియాలజీ. పని ఇనుప ఖనిజం గనిలో. రోజూ పక్క టేబుల్ దగ్గర కూర్చునేది మైనింగ్ ఇంజనీర్లు. అందుకని రెండు వైపులా కాస్త తెలుసు.

ముందు తేడా చెబుతాను. భూమిలో ఏముంది, ఎక్కడుంది, ఎంతుంది, ఎలా వచ్చింది అన్నది జియాలజిస్టు తేల్చాలి. దాన్ని మనుషుల ప్రాణాలకు ముప్పు లేకుండా, ఖర్చు చేతికందేలా బయటికి తీయడం మైనింగ్ ఇంజనీరు పని. లెక్కలు, యంత్రాలు, వందమందితో పని చేయించడం ఇష్టమైతే మైనింగ్‌కి వెళ్లండి. కొండలెక్కి తిరగడం, ఒకే రాయి ముందు గంటసేపు కూర్చోవడం విసుగనిపించకపోతే జియాలజీ. ఇంకో సంగతి కూడా ఉంది, ఇంట్లో మాట్లాడుకోవాల్సింది. మైనింగ్‌లో బీటెక్ అవగానే ఉద్యోగానికి వెళ్లొచ్చు. జియాలజీలో డిగ్రీతో ఆగితే పెద్దగా ప్రయోజనం లేదు, ఎమ్మెస్సీ కావాల్సిందే. ఆ రెండేళ్లు ఇల్లు ఆగగలదా అన్నది ముందే చూసుకోండి.

మైనింగ్ బీటెక్‌కి ఇంటర్లో ఎంపీసీ ఉండాలి. ధన్‌బాద్‌లో 1926 నుంచి ఉన్న స్కూల్ ఆఫ్ మైన్స్ ఇప్పుడు ఐఐటీ. దానికీ, ఖరగ్‌పూర్, వారణాసి ఐఐటీలకూ జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. రూర్కెలా, సూరత్కల్ ఎన్ఐటీలకు జేఈఈ మెయిన్. మన రాష్ట్రంలో ఈఏపీసెట్‌తో మైనింగ్ బ్రాంచి ఇచ్చే కాలేజీలు తక్కువే, ఆప్షన్లు పెట్టేటప్పుడు వెతుక్కోవాలి. పదో తరగతి అవగానే వెళ్లాలనుకునేవాళ్లకు పాలిసెట్ మీద మైనింగ్ డిప్లొమా ఉంది. గూడూరు ప్రభుత్వ పాలిటెక్నిక్ దానికి పాత పేరు. జియాలజీ అయితే డిగ్రీలో అన్ని కాలేజీల్లో ఉండదు. ఎక్కడుందో కనుక్కుని, ఆన్‌లైన్ అడ్మిషన్లలో ఆ కాలేజీనే ముందు పెట్టాలి. ఎమ్మెస్సీకి మనకు దగ్గరది విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. అక్కడి జియాలజీ డిపార్ట్‌మెంట్‌ని నిలబెట్టింది సి.వి. రామన్ శిష్యుడు మహదేవన్ గారు. రాష్ట్రంలోని యూనివర్సిటీలకు పీజీసెట్, ఐఐటీలకు జామ్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ. ఇవన్నీ ప్రవేశ పరీక్షలే. మూడూ రాయండి, ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఇక చేరాక సంగతి. మా గనికి ట్రైనింగ్‌కి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది, రాయి చేతికివ్వగానే పేరు చెప్పేయాలని తొందరపడతారు. "మేడమ్, ఇది చార్నొకైట్." ఎందుకంటే జవాబుండదు. చూసింది ముందు రాయాలి, పేరు చివర్లో పెట్టాలి. పగలగొట్టిన తాజా ముఖం ఏ రంగు, ఎండకూ వానకూ మాగిన పైముఖం ఏ రంగు, గింజలు ఎంత పెద్దవి, ఏ ఖనిజాలు కనిపిస్తున్నాయి, చారలున్నాయా, గోటితో గీత పడుతుందా, కత్తితో పడుతుందా. ఖనిజాల గట్టితనం కొలిచే మోస్ స్కేలు మీద గోరు రెండున్నర, కత్తి ఐదున్నర దగ్గర, క్వార్ట్జ్ ఏడు. ఇవి మూడూ చేతికి అలవాటైతే మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో సగం టెన్షన్ పోతుంది.

సామానుకి ఎక్కువ ఖర్చు పెట్టకండి. రాతి పొరల దిక్కు, వాలు కొలిచే బ్రంటన్ కంపాస్ ఖరీదు ఎక్కువ, అది డిపార్ట్‌మెంట్‌లో ఇస్తారు. సుత్తి ఇద్దరు కలిసి కొనుక్కున్నా చాలు. పది రెట్లు చూపించే హ్యాండ్ లెన్స్ మాత్రం సొంతది ఉండాలి, తాడు కట్టి మెడలో వేసుకోవాలి. లెన్స్‌ని రాయి మీద పెట్టి దూరం నుంచి తొంగి చూడకూడదు. కంటికి దగ్గరగా పెట్టుకుని, రాయినే దాని దగ్గరికి తేవాలి. నోటుబుక్‌కి గట్టి అట్ట ఉండాలి. పెన్సిలుతో రాయండి, వాన పడితే పెన్ను రాతలు అలుక్కుపోతాయి. సుత్తి వేసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి.

ప్రాక్టీసుకి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. విజయనగరం, శ్రీకాకుళం, మన రెండు జిల్లాలూ తూర్పు కనుమల రాళ్ల మీదే ఉన్నాయి. రోడ్డు కోసం కొండ కోసినచోట తుప్పు రంగు చారలు, మధ్యలో తెల్లటి మట్టి మచ్చలు కనిపిస్తే అది చాలావరకు ఖొండలైట్. ఆ తెల్లది ఫెల్డ్‌స్పార్ కుళ్లి మట్టిగా మారినది. లెన్స్ పెట్టి చూస్తే ఎర్రటి గార్నెట్ గింజలు, సన్నటి పుల్లల్లా సిల్లిమనైట్ దొరుకుతాయి. ఒక్కోసారి గ్రాఫైటు కూడా మెరుస్తుంది. మా గరివిడి పక్క కోడూరు పేరు మీద ఒక రాతికి కోడూరైట్ అని పేరుంది. పెట్టినవాడు జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఎల్.ఎల్. ఫెర్మర్. మన దేశపు మాంగనీసు మీద ఆయన చేసిన పని 1909లో అచ్చయింది. పొటాష్ ఫెల్డ్‌స్పార్, మాంగనీసున్న గార్నెట్, అపటైట్ కలిసిన రాయి అది. పుస్తకంలో ఆ పేరు వస్తే పరాయి దేశపు ఊరనుకుని బట్టీ పట్టే పిల్లలున్నారు, మన జిల్లా వాళ్లే!

మా ఊళ్లో మాంగనీసు అంతా నల్లరాయే. మీరు విడదీసి చూడాలి. పైరొలుసైటు ముట్టుకుంటే వేళ్లకు మసి అంటుతుంది, సైలోమెలేన్ గట్టిగా ఉంటుంది, అలా అంటదు. అయితే పాత మాంగనీసు గుంతల్లోకి మాత్రం దిగొద్దు. నీళ్లు ఎంత లోతున్నాయో పైకి తెలీదు, అంచులు కింద కోసుకుపోయి ఉంటాయి. పనిచేస్తున్న క్వారీలోకి మేనేజరు అనుమతి లేకుండా అడుగు పెట్టకండి. పేలుళ్ల వేళ ఏదో ముందు అడిగి తెలుసుకోండి.

పొర వాలు కొలవడం చాలామందికి తలనొప్పి. ఇలా చేయండి. చదునుగా ఉన్న రాతి ముఖం మీద కాసిని నీళ్లు పోయండి. నీళ్లు నేరుగా జారిన దిక్కే వాలు దిక్కు, అంటే డిప్ డైరెక్షన్. దానికి అడ్డంగా, నేల మట్టానికి సమాంతరంగా గీసిన గీత స్ట్రైక్. మొదట నీళ్లతో చూసి, తర్వాత వాలు కొలిచే క్లైనోమీటర్ పెట్టి డిప్ కోణం రాసుకోండి. కంపాస్ చూసేటప్పుడు సుత్తి, ఫోను దూరంగా పెట్టాలి, లేకపోతే ముల్లు పక్కకు లాగేస్తుంది. మన వైపు రాళ్ల చారలు మొత్తం మీద ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. మీ కొలత అందుకు పూర్తిగా అడ్డంగా వస్తే అక్కడ మడత ఉందేమో చూడండి, లేదా సుత్తి ఎక్కడ పెట్టారో చూసుకోండి.

శ్రీకాకుళం వాళ్లకు సముద్రం ఉంది. కళింగపట్నం, భావనపాడు ఒడ్డున ఇసుకలో నల్లటి, ఊదారంగు చారలు గమనించే ఉంటారు. కొండల్లోని ఖొండలైట్, చార్నొకైట్ అరిగి, వంశధార, నాగావళి లాంటి నదుల మీదుగా సముద్రానికి చేరి, అలల చేత జల్లెడ పట్టించుకున్న ఖనిజాలవి. క్వార్ట్జ్ సాంద్రత 2.65, ఇల్మనైటుది 4.7 దాకా. తేలికది అల వెంట పోతుంది, బరువైంది ఒడ్డున మిగులుతుంది. కొబ్బరి చిప్పలో గుప్పెడు ఇసుక, నీళ్లు పోసి మెల్లగా తిప్పుతూ ఒలకబోయండి, అడుగున నల్లది నిలుస్తుంది. అయస్కాంతం పెడితే మాగ్నటైటు ఎగిరి అంటుకుంటుంది. ఇలా నీళ్లు వేరుచేసి పోగేసిన ఖనిజాలనే ప్లేసర్ నిక్షేపాలంటారు, ఆ పాఠం ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. చూసి అక్కడే వదిలేసి రండి. ఆ ఇసుకలో థోరియం ఉన్న మోనజైటు కూడా ఉంటుంది, దాని మీద ప్రభుత్వ నియంత్రణ ఉంది. సంచుల్లో ఇంటికి తెచ్చుకునే వస్తువు కాదు.

ల్యాబులో మైక్రోస్కోపు భయం గురించి రెండు మాటలు. రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజు మీద అతికిస్తారు, అదే థిన్ సెక్షన్. మొదటి నెలంతా క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఫోటోలు తీసుకుని సరిపెట్టకండి. చేత్తో బొమ్మ గీయండి, గీస్తేనే ఫెల్డ్‌స్పార్ చారలు కంటికి చిక్కుతాయి.

మైనింగ్ వాళ్లకు సర్వేయింగ్, బ్లాస్టింగ్, వెంటిలేషన్, రాక్ మెకానిక్స్ ముఖ్యం. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీని, ఏదైనా ఇనుప గనినీ పక్కపక్కన పెట్టి చదవండి. గ్రానైట్‌లో దిమ్మ పగుళ్లు లేకుండా రావాలి, అందుకే వజ్రపు ముక్కలు గుచ్చిన తీగతో కోస్తారు. ఇనుప గనిలో రాయి ముక్కలవ్వడమే కావాలి, అందుకే మెట్లలా బెంచీలు తీసి, డ్రిల్ చేసి పేలుస్తారు. అవసరం మారితే పద్ధతి మారుతుంది. కొత్తవలసలో రైలు కోసం ఎదురుచూస్తున్నప్పుడు కిరండూల్ లైను మీద వచ్చే ఎర్రటి గూడ్సు రైళ్లు (రేక్‌లు) ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం మోసుకొచ్చేవే. ఒక వ్యాగన్‌లో ఎన్ని టన్నులు, రైలుకి ఎన్ని వ్యాగన్లు, ఆ లెక్కన గని రోజుకి ఎంత తవ్వాలి అని లెక్క వేసి చూడండి. వెంటిలేషన్‌లో సంఖ్యలు బట్టీ పట్టడం కాదు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. 15 దాటితే ఎందుకు పేలదు? ఆక్సిజన్ చాలదు. అలాగని అది సురక్షితమా? కాదు, తాజా గాలి కలిస్తే మళ్లీ పేలే హద్దులోకి వస్తుంది. ఇలా కారణంతో చదివినవాళ్లే గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ పెట్టే సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్ల పరీక్షల్లో నిలబడతారు. ఆ సర్టిఫికెట్ లేకపోతే గనిలో పైకి ఎదగడం కష్టం.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లీషుకి బెదరొద్దు. ఈ సబ్జెక్టులో మాటలన్నీ ఇంగ్లీషు మీడియం వాళ్లకూ కొత్తవే. నోటుబుక్‌లో ఎడమవైపు మీ మాటల్లో తెలుగులో, కుడివైపు ఇంగ్లీషులో రాసుకోండి. రెండో ఏడాదికి ఎడమవైపు దానంతటదే తగ్గుతుంది.

"ఆడగుంటకి గనులేటి?" అనే ప్రశ్నకు జవాబు: 2019లో కేంద్రం సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ స్థాయి ఉద్యోగాల్లో ఆడవాళ్లు పగటివేళ భూగర్భంలోకి దిగి పనిచేయడానికి, ఉపరితల గనుల్లో రాత్రి షిఫ్టు చేయడానికీ అనుమతించింది, వాళ్ల రాతపూర్వక అంగీకారంతో. క్యాంపుల్లో టాయిలెట్ ఇబ్బంది మాత్రం ఇంకా నిజమే, దాన్ని దాచి చెప్పను. ఫీల్డ్ ట్రిప్ ముందే బస ఎక్కడో టీచర్‌ని అడగండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పరీక్షల విషయం క్లుప్తంగా. జియాలజీ వాళ్లకు పెద్ద లక్ష్యం యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష. 1851లో మొదలైన జియలాజికల్ సర్వేకీ, కేంద్ర భూగర్భ జల బోర్డుకీ మనుషుల్ని తీసుకునేది దీనితోనే. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి, ఎమ్మెస్సీ అర్హత కావాలి. మైనింగ్ వాళ్లకు గేట్‌లో వాళ్ల పేపర్ వేరే ఉంది. పాత ప్రశ్నపత్రాలు మొదటి ఏడాది నుంచే తిరగేయండి, కోచింగ్ ఆఖరి ఏడాది మాట.

వేసవి ట్రైనింగ్‌కి గనులకు దరఖాస్తు జనవరిలోనే పంపండి, కాలేజీ లెటర్ జతచేసి. ఏప్రిల్లో పంపితే ఖాళీలు ఉండవు. ఇనుప ముక్కు బూట్లు మీ సైజువి సొంతంగా తెచ్చుకోండి, స్టోర్‌లో ఆడపిల్లల సైజులు తరచుగా దొరకవు. హెల్మెట్ గని వాళ్లే ఇస్తారు.