మాస్టారి బల్ల మీద మింట్, షాపు మూలన డెబియన్

మాది ఖమ్మంలో కంప్యూటర్ రిపేరు షాపు. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. అప్పటి నుంచి షాపు మెట్లెక్కే వాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "మెషిన్ బాగానే ఉంది, విండోస్ 11 ఎక్కదంటున్నారు. పారేయాల్సిందేనా?" టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేకపోవడమో, ప్రాసెసర్ మరీ పాత తరానిది కావడమో కారణం. పారేయక్కర్లేదు. నా చేతికొచ్చే అలాంటి మెషిన్లలో చాలావాటికి ఇంకా అయిదారేళ్ల పని మిగిలే ఉంది.

సరే లినక్స్ (విండోస్‌కి బదులు ఉచితంగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్) వేయండి అని, వెంటనే "అందులో ఏది మంచిది?" అంటారు. నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. దాని ముందు కూర్చునేది ఎవరు? ఒకసారి వేశాక ఎన్నేళ్లు దాని జోలికి పోకుండా ఉండాలి? వీటికి జవాబు తేలితే మింట్, ఉబుంటు, డెబియన్ లాంటి వందల లినక్స్ రకాల్లో మూడో నాలుగో మిగులుతాయి.

ముందు ఒక కాగితం మీద, ఆ మెషిన్ మీద నెలలో చేసే పనులన్నీ రాయండి. బ్రౌజరు, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, ఉత్తరాలు, చిన్నాచితకా లెక్కలు అయితే ఏ ఇబ్బందీ లేదు, లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీసు ప్యాకేజీ చూసుకుంటుంది. ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర మెషిన్, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో డీటీపీ - వీటిలో ఏదైనా ఉంటే అక్కడ ఆగండి. ట్యాలీ విండోస్ కోసం చేసింది. టోకెన్లలో కొన్నింటికి లినక్స్ డ్రైవరు ఉంటుంది, కొన్నింటికి ఉండదు. మీ చేతిలో ఉన్న మోడల్ పేరుతోనే చూసుకోవాలి. వీటి మీదే కడుపు నింపుకునే వాళ్లకు నేను లినక్స్ వేయను. ఆ పనికి ఒక విండోస్ మెషిన్ విడిగా ఉంచుకోమంటాను. ఒకరి సంపాదన ఆగిపోయేలా చేసి ఓపెన్ సోర్స్ గొప్పదని చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఈమధ్య ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి ఇంటికెళ్లాను. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, కిర్రుమనే హార్డ్ డిస్కు. పద్యాలకు వ్యాఖ్యానాలు రాసుకోవడం, మనవరాలితో వీడియోలో మాట్లాడుకోవడం ఆయన పనులు. "నా వేళ్లు యాపిల్ కీబోర్డుకే అలవాటు పడ్డాయయ్యా. ఈ వయసులో ఇంకోటి నేర్చుకోమంటే నావల్ల కాదు" అన్నారు. యాపిల్ అంటే ఇక్కడ తెలుగు టైపింగుకి ఒక కీబోర్డు అమరిక. కాబట్టి ఆ ఇంట్లో ఓఎస్‌ని తేల్చాల్సింది ప్రాసెసరు కాదు, ఆ కీబోర్డు.

నా దగ్గర 32 జీబీ పెన్‌డ్రైవ్ మీద వెంటాయ్ అనే బూటింగ్ టూలు ఉంటుంది. దాన్ని ఒకసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే, ఆ తర్వాత ఐఎస్ఓ ఫైళ్లను (ఓఎస్‌ని ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) మామూలుగా కాపీ చేసుకుంటే చాలు. బూట్ చేసినప్పుడు మెనూలో అన్నీ కనిపిస్తాయి. మింట్ ఎంచుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీద నుంచే నడిపాను. ఈ పని ఎవరూ దాటేయకండి. డిస్కులో ఉన్నది చెక్కుచెదరదు, మెషిన్‌కి ఏది సరిపడదో అరగంటలో బయటపడుతుంది. వైఫై పట్టిందా, స్పీకరు మోగిందా, కెమెరా వెలిగిందా, ల్యాప్‌టాప్ మూత మూసి తెరిస్తే మేలుకుందా, ప్రింటరు నుంచి పేజీ వచ్చిందా అన్నీ చూడాలి. ప్రింటరు సంగతి మరీ ముఖ్యం. ఒక ఆఫీసులో నేనిది చూడకుండా నాలుగు మెషిన్లు మార్చేశాను. మర్నాడు పొద్దున్నే బిల్లులు రాక, వాళ్లు రెండు రోజులు చేత్తో రాసుకున్నారు. ఆ తర్వాత ప్రింటరు నుంచి పేజీ బయటికి రాకముందు ఇన్‌స్టాల్ బటన్ ముట్టుకోలేదు.

మాస్టారి దగ్గర తెలుగు టైపింగు కోసం ఐబస్ అనే ప్రోగ్రామ్, దానికి ఎం17ఎన్ ప్యాకేజీ వేశాను. అందులో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లతో పాటు యాపిల్ కూడా ఉంది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, మెల్లగా 'జ్యోత్స్న' అని కొట్టారు. త కింద స, న ఒత్తులు కుదురుగా కూర్చున్నాయో లేదో కళ్లద్దాలు పైకి నెట్టి చూశారు. తర్వాత 'స్వాతంత్ర్యం', 'వైశిష్ట్యం'. మూడూ సరిగ్గా పడ్డాయి. "వేసెయ్" అన్నారు. పోతన, వేమన ఫాంట్లు కూడా సాఫ్ట్‌వేర్ మేనేజరులోనే దొరుకుతాయి కాబట్టి అవీ వేశాను. అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్లు మాత్రం యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అక్షరాల ప్రమాణం) కావు, ఇక్కడ తెరిస్తే అక్షరాలు అక్షరాల్లా కనిపించవు. వాటిని ముందే విండోస్‌లో ఉండగా యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకున్నాం.

ఇంట్లో వాడే మెషిన్‌కి నా మొదటి మాట మింటే. విండోస్ అలవాటైన వాళ్లు స్టార్ట్ మెనూ ఎక్కడని వెతుక్కోరు. మింట్ 22 వరుసకి ఉబుంటు 24.04 పునాది, 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. మింట్ డెస్క్‌టాప్ రూపాల్లో 4 జీబీ ర్యామ్ ఉంటే సినమన్, 2 జీబీయే ఉంటే తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ. హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టించండి. ఏ ఓఎస్ మార్చినా రాని వేగం దాంతో వస్తుంది. ఇన్‌స్టాల్ అయిన వెంటనే మింట్‌లోని టైమ్‌షిఫ్ట్ టూలు ఆన్ చేయండి, ఏదైనా అప్‌డేట్ బెడిసికొడితే నిన్నటి స్థితికి వెళ్లొచ్చు. ఇది సిస్టమ్ ఫైళ్లకే. మీ ఫొటోలకు బ్యాకప్ వేరే పెట్టుకోవాలి.

ఐఎస్ఓ దింపుకున్నాక దాని ఎస్‌హెచ్‌ఏ256 లెక్క (ఫైలు మారిందో లేదో చెప్పే అంకెల గుర్తు) సరిచూడండి. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైటులోకే ఎవరో చొరబడి, దొంగదారి (బయటివాళ్లు మెషిన్‌లోకి చొరబడే మార్గం) ఉన్న ఐఎస్ఓకి లింకు మార్చేశారు. సైటునే మార్చగలిగినవాడు అందులోని లెక్కనూ మార్చగలడు, అందుకే తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకంతో సహా చూడాలి.

ఉబుంటు కూడా మంచిదే, మరీ కొత్త ల్యాప్‌టాప్‌లకు దాని వైపే చూస్తాను. ఫెడోరా ఒక్కో విడుదలకు దాదాపు 13 నెలలే సపోర్టు. నేర్చుకునే ఇంజినీరింగ్ పిల్లలకు బాగుంటుంది, మాస్టారికి కాదు. ఆర్చ్ రోజూ చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకి.

ఇక సర్వర్. ఇంట్లో ఫొటోలు, ఫైళ్లు ఒకచోట పెట్టుకోవడానికి మూలన నడిచే మెషిన్. దాని ముందు ఎవరూ కూర్చోరు. అక్కడ డెబియన్ స్టేబుల్ (బాగా పరీక్షించాక విడుదల చేసే రూపం) వేస్తాను. 1993 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్న ప్రాజెక్టు, ఒక కంపెనీ మనసు మారితే ఆగిపోయేది కాదు. సర్వర్లకు వాడే ఇంకో లినక్స్ రకం సెంట్ఓఎస్ 8 కథ సర్వర్లు చూసుకునే వాళ్లందరికీ గుర్తే: 2029 దాకా ఉంటుందనుకున్నది 2021 డిసెంబరుతో ముగిసింది. ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ ఆ లోటు పూడ్చడానికే పుట్టాయి.

సర్వర్‌లో కొత్తదనం కోసం ఆరాటపడకండి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో దొంగదారి బయటపడింది. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషిన్‌లోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వుకుంటూ పోతే దొరికింది. అది ఇంకా పరీక్షలో ఉండే డెబియన్ రూపాలు టెస్టింగ్‌లోకి, అన్‌స్టేబుల్‌లోకి వచ్చేసింది. స్టేబుల్‌లోకి రాలేదు.

డెబియన్ ఇన్‌స్టాలరు ఏమేం కావాలని అడిగే చోట డెస్క్‌టాప్ టిక్కులు తీసేసి ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఉంచండి. తర్వాత అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ ప్యాకేజీ వేస్తే భద్రతా అప్‌డేట్లు వాటంతట అవే పడతాయి. బయోస్‌లో కరెంటు పోయి వచ్చినప్పుడు మెషిన్ తనంతట తానే ఆన్ అయ్యే సెట్టింగు ఒకటి ఉంటుంది, అది పెట్టండి. మా ఊళ్లో వేసవిలో దీని విలువ తెలుస్తుంది. 60 వాట్లు తాగే పాత డెస్క్‌టాప్ పగలూ రాత్రీ నడిస్తే నెలకు 43 యూనిట్లు. 12 వాట్లతో నడిచే పాత ల్యాప్‌టాప్‌కి 9 యూనిట్ల లోపే, పైగా బ్యాటరీ ఉంటుంది కాబట్టి వేరే యూపీఎస్ అక్కర్లేదు. మూత మూసినా నిద్రపోకుండా లాగిన్‌డీ అనే సిస్టమ్ సర్వీసు సెట్టింగులో మార్చుకోవాలి, బ్యాటరీ ఉబ్బిందేమో అప్పుడప్పుడు చేత్తో తడిమి చూడాలి. బయటి నుంచి ఇంటి సర్వర్‌ని చేరాలంటే రౌటరులో పోర్టులు బార్లా తెరవకండి, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోండి.

ఫొటోలే ముఖ్యమైతే లినక్స్ కాని ఇంకో ఉచిత ఓఎస్ ఫ్రీబీఎస్‌డీ గురించి ఆలోచించండి. మా పాప మొదటి పుట్టినరోజు ఫొటోల్లో ఏడు, సగం బొమ్మ, సగం బూడిదరంగు అయిపోయాయి. డిస్కు ఏ తప్పూ చూపలేదు. బ్యాకప్ డిస్కు తెరిచి చూస్తే అందులోనూ అవే బూడిద చారలు. పాడైన ఫైలే బ్యాకప్‌లోకీ నడిచిపోయింది. ఆ రాత్రి మా ఆవిడకి చెప్పడానికి నోరు రాలేదు. ఫ్రీబీఎస్‌డీలో ఉండే జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ప్రతి ముక్కకూ లెక్క రాసుకుంటుంది, చదివేటప్పుడు సరిచూస్తుంది, రెండు డిస్కులు జతగా ఉంటే పాడైనదాన్ని రెండోదాని నుంచి బాగుచేస్తుంది. ఫ్రీబీఎస్‌డీ ఇన్‌స్టాలరులోనే ఆ జత ఎంచుకోవచ్చు. డెబియన్‌లోనూ జెడ్ఎఫ్ఎస్ ఉంది కానీ లైసెన్సుల చిక్కు వల్ల విడిగా వేసుకోవాలి. నెలకోసారి స్క్రబ్ (డిస్కులో ఉన్నదంతా చదివి సరిచూసే పని) నడపండి. ఫ్రీబీఎస్‌డీలో వైఫై కంటే నెట్ కేబులే నమ్మకం, డాకర్ (యాప్‌లను విడివిడి డబ్బాల్లో నడిపే టూలు) నేరుగా నడవదు. నాకు కావాల్సింది ఫొటోలు దాచే పెట్టె, కాబట్టి అవి అడ్డు కాలేదు. జత డిస్కులు ఉన్నాయని బ్యాకప్ మానకండి. ఒక డిస్కు మా అత్తగారింట్లో కూడా ఉంటుంది.

వేసిన ప్రతి మెషిన్ పక్కన చిన్న స్టిక్కరు మీద ఓఎస్ పేరు, సపోర్టు ముగిసే నెల రాసి అంటిస్తాను. మాస్టారి సీపీయూ మీద 'మింట్ 22 - ఏప్రిల్ 2029' అని ఉంది. మా షాపు మూలనున్న ల్యాప్‌టాప్ మీద 'డెబియన్ 13 - 2030 నడిమి' అని.