మగ్గం పక్కన అష్టావక్ర గీత: ఎక్కడ మొదలుపెట్టాలి?

అష్టావక్ర గీత చదవాలనుకునేవాళ్ళు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. రెండో శ్లోకంలోనే "ముక్తిమిచ్ఛసి చేత్తాత విషయాన్ విషవత్త్యజ" అని ఉంటుంది. ముక్తి కావాలంటే విషయాలను విషంలా వదిలెయ్యమని. అది చూసి నేను పుస్తకం మూసి ఏడాదిపాటు దేవుడి గూట్లో పెట్టేశాను. ఇద్దరు పిల్లలు, మగ్గం మీద సగం నేసిన పట్టుచీర. ఇందులో ఏది వదలను?

మాది ఒడిశాలోని బరంపురం. పుట్టిల్లు ఇచ్ఛాపురం కాబట్టి నాకు తెలుగు చదవడం వచ్చు. పిల్లలకు బళ్ళో ఒడియా, ఇంట్లో మాటలు మాత్రం తెలుగే. మా ఆయన గుంట మగ్గంలో కూర్చుంటే నేను పక్కన కండెలు చుడుతూ పైకి చదువుతాను. అందుకే చెబుతున్నా, శ్లోకం, ప్రతిపదార్థం, తాత్పర్యం మూడూ ఉన్న పుస్తకం కొనండి. లావుపాటి వ్యాఖ్యానం ఇప్పుడే వద్దు.

ఈ గీత ఒంట్లో ఎనిమిది వంకర్లున్న అష్టావక్రుడికీ జనక మహారాజుకీ సంభాషణ. ఆయన కథ భారతం అరణ్యపర్వంలో ఉంది కానీ ఈ గీత అందులోది కాదు. మొత్తం 20 అధ్యాయాలు.

మీరు రెండో అధ్యాయం తెరవండి. అక్కడ జనకుడు మాట్లాడతాడు, బెదిరించడు. ఐదో శ్లోకం: "తంతుమాత్రో భవేదేవ పటో యద్వద్విచారితః." విచారించి చూస్తే బట్టంతా దారమే, అలాగే విశ్వమంతా ఆత్మే. ఇది చదివిన రోజు మా ఆయన పేక దారాన్ని అటూ ఇటూ నడిపే నాడె ఆపి, "మళ్ళీ చదువు" అన్నాడు. కాసేపు చీర అంచు మీద కుంభాన్ని, అంటే గుడి ఆకారంలో నేసిన డిజైన్‌ని, వేలితో తడిమి, "పడుగూ పేకా లాగేస్తే ఈ కుంభం ఎక్కడుంటుందే?" అన్నాడు. మరి చీర ధరో అంటే నవ్వేశాడు.

మీది మగ్గం కాకపోతే దాని ముందు శ్లోకంలో నీళ్ళు, అలలు, నురుగు ఉన్నాయి. గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున కూర్చున్నవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. తర్వాతి శ్లోకంలో చెరకురసం, చక్కెర. మీ చేతికి అలవాటైనది ఒకటి పట్టుకుని రెండుసార్లు పైకి చదవండి. రోజుకి ఒక్కటే. తర్వాత మీ పనిలోకి వెళ్ళిపోండి, అర్థం కోసం బుర్ర బద్దలు కొట్టుకోకండి.

అలా రెండో అధ్యాయం అయ్యాక మొదటిదానికి రండి. అక్కడ ఎనిమిదో శ్లోకంతో మాత్రం జాగ్రత్త. 'నేను కర్తను' అన్న అహంకారం నల్లతాచు కాటు, 'నేను కర్తను కాను' అన్న నమ్మకమే అమృతం అంటుంది. నాకది బాగా తలకెక్కింది. ఆ వారం పడుగులో పోగు తెగితే అతకకుండా వదిలేశాను, చేసేది నేను కాదుగా అని! చీరలో సన్నటి గీత పడింది, కూలి తగ్గింది. కర్త కాదని పోగు అతకడం మానెయ్యమని అష్టావక్రుడు చెప్పలేదు. అతికి, 'అతికింది నేనే' అన్న గొప్ప మానుకోమన్నాడని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

టెన్షన్‌గా ఉన్న రోజు ఎనిమిదో అధ్యాయం చాలు, నాలుగే శ్లోకాలు. మనసు దేన్నో కోరినా, దేనికో ఏడ్చినా, కోప్పడినా అదే బంధం అంటుంది.

పద్దెనిమిదో అధ్యాయంలో వంద శ్లోకాలున్నాయి. మేము ముప్పై దగ్గర ఆగాం. ఈ పెళ్ళిచీర మగ్గం దిగాక ముప్పై ఒకటి.