ఒక్కరోజు నీటిరంగుల వర్క్‌షాప్‌కి వెళ్తున్నారా? ఏం సిద్ధం చేసుకోవాలి, అక్కడ ఏం గమనించాలి

పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా వర్క్‌షాప్ అంటారు కానీ, అందులో బ్రష్ మన చేతిలో ఉండేది మహా అయితే మూడు నాలుగు గంటలు. మిగతాదంతా డెమో, భోజనం, కాగితం ఆరేదాకా ఎదురుచూపు. ఆ కాస్త సమయం సామాన్లు వెతుక్కోవడానికో, నాసిరకం కాగితంతో కుస్తీ పట్టడానికో పోకూడదంటే సగం పని ముందురోజే ఇంట్లో ముగించాలి.

1. డబ్బు కట్టేముందు అడగండి

ఫీజులో సామాన్లు కలిపారా, కాగితం ఏ రకం, ఎంతమంది వస్తున్నారు, గీయబోయే ఫోటో ముందే పంపుతారా – ఈ నాలుగూ చాలు. ఒకే టీచరుకు పాతికమంది ఉంటే మీ బోర్డు దగ్గర ఆయన నిలబడేది ఐదు నిమిషాలే. ఫోటో ముందే ఇస్తే మాత్రం పెన్సిల్ గీత ఇంట్లోనే వేసుకుని వెళ్లొచ్చు. కొత్తవాళ్లలో చాలామందికి మొదటి గంట ఆ గీతల్లోనే కరిగిపోతుంది.

2. డబ్బు కాగితం మీద పెట్టండి

రంగులు స్టూడెంట్ రకం (నేర్చుకునేవాళ్ల కోసం చేసే చవక రకం) అయినా పని జరుగుతుంది, కాగితం విషయంలో అలా కుదరదు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని, అంటే మందపాటి కాగితం), నూరు శాతం కాటన్, కోల్డ్ ప్రెస్ (పైభాగం కాస్త గరుకుగా ఉండేది) అని అడిగి కొనండి. మామూలు డ్రాయింగ్ షీటు తడవగానే ఉబ్బి గుంటలు పడుతుంది. రంగునీళ్లు ఆ గుంటల్లో చేరి మరకలుగా ఆరతాయి. రెండోసారి రుద్దితే పైపొర ఉండలుగా లేస్తుంది. తప్పు కాగితానిది, నింద మాత్రం మన చేతికి. 22×30 అంగుళాల ఫుల్ షీటు ఒకటి కొని కోస్తే 11×15 ముక్కలు నాలుగు వస్తాయి. రెండు బొమ్మకు, మిగతా రెండు సాధనకు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో కాగితాన్ని బయట వదిలేస్తే చెమ్మకు పాడవుతుంది. మూల మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క కాసేపు పైనే నిలబడితే కాగితం బాగున్నట్టు. వెంటనే ఇంకిపోయి నల్లటి మచ్చ పడితే దాని జిగురుపూత పోయినట్టే. ఇక దాని మీద వాష్ (నీళ్లు ఎక్కువ కలిపిన రంగును వెడల్పుగా పరిచే పూత) సాఫీగా రాదు. అందుకే జిప్ కవర్లో పెట్టి బీరువాలో దాచాలి.

రంగులు ఆరు ట్యూబులు చాలు: లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, క్రిమ్సన్, అల్ట్రామెరీన్ బ్లూ, సెరూలియన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా. నలుపు వద్దు. అల్ట్రామెరీన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే బూడిదరంగు నుంచి దాదాపు నలుపు దాకా అన్ని ఛాయలూ వస్తాయి. పోస్టర్ కలర్స్ పొరపాటున తేకండి. అవి కింది పొరను కప్పేస్తాయి.

బ్రష్‌లు మూడు: 12 నంబరు రౌండు, 6 నంబరు రౌండు, అంగుళం ఫ్లాట్. నీళ్లలో ముంచి విదిలిస్తే రౌండు బ్రష్ కొన సూదిగా నిలవాలి. ఇవి కాక నీళ్లకు రెండు డబ్బాలు (ఒకటి కడగడానికి, ఒకటి మంచినీళ్లు తీసుకోవడానికి), పాత నూలుగుడ్డ, స్ప్రే సీసా, హెచ్‌బీ పెన్సిల్, కాగితం కంటే కాస్త పెద్ద బోర్డు, మాస్కింగ్ టేపు.

టేపును నేరుగా కాగితానికి అంటించకుండా ఒకసారి బట్టకు అద్ది తీయండి, జిగురు పట్టు తగ్గుతుంది. లేకపోతే సాయంత్రం టేపుతో పాటు కాగితం పొర కూడా ఊడొస్తుంది.

3. డెమోలో బొమ్మను కాదు, తడిని చూడండి

అందరూ ఫోన్లు ఎత్తి వీడియో తీస్తుంటారు. టీచరు ఒప్పుకుంటే తీసుకోండి కానీ, అసలు విషయం వీడియోలో సరిగ్గా పట్టుబడదు. అది కాగితం మీది మెరుపు. పక్కనుంచి, వెలుగుకు ఎదురుగా తల వంచి చూస్తేనే కనిపిస్తుంది.

తడి కాగితం నాలుగు దశల్లో ఆరుతుంది. మొదట నీళ్లు నిలిచి తళతళలాడుతుంది, అప్పుడు వేసిన రంగు ఎటుపడితే అటు పాకుతుంది. తర్వాత మెరుపు తగ్గి పల్చటి నిగారింపు మిగులుతుంది. మబ్బుల అడుగు నీడలు, దూరపు చెట్లు వేయాల్సింది ఈ కొద్ది నిమిషాల్లోనే. ఆపైన మెరుపు పూర్తిగా పోతుంది కానీ వేలి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగులుతుంది. ఇక్కడ చెయ్యి పెట్టకూడదు. ఈ సమయంలో నీళ్లున్న బ్రష్ తగిలిందంటే, ఆ నీరు సగం ఆరిన రంగును అంచులకు నెట్టేసి క్యాలీఫ్లవర్ ఆకారంలో మరక వేస్తుంది. చల్లదనం కూడా పోయాకే నాలుగో దశ, ఆరిన కాగితం. గట్టి అంచులు, కిటికీలు, కొమ్మలు ఇప్పుడు.

టీచరు ఏ దశలో బ్రష్ పెట్టారు, పెట్టేముందు గుడ్డకు ఎన్నిసార్లు అద్దారు, ఇవి రాసుకోండి. రెండో దశలో సూత్రం ఒక్కటే: కాగితం మీద కంటే బ్రష్‌లో నీరు తక్కువుండాలి.

4. మొదటి వాష్

బోర్డు వెనకవైపు మూడు అంగుళాల ఎత్తు పెట్టండి. ఆకాశానికి సరిపడా రంగు ముందే కలిపి ఉంచుకోవాలి. మధ్యలో అయిపోతే మళ్లీ కలిపేలోగా అంచు ఆరి గీత పడుతుంది. 11×15 ముక్కలో సగం ఆకాశమైతే రెండు టీస్పూన్లకు పైనే పడుతుంది. పెద్ద బ్రష్ నిండా ముంచి ఎడమనుంచి కుడికి ఒక్క లాగు. కింద అంచున రంగునీళ్లు తోరణంలా నిలుస్తాయి. తర్వాతి లాగు ఆ నీళ్లను అందుకుంటూ సాగాలి. చివర మిగిలిన నీటిని పిండిన బ్రష్‌తో పీల్చేయండి. వేసిన చోటికి మళ్లీ వెళ్లొద్దు.

వాష్ వేసేటప్పుడు నెత్తిమీద ఫ్యాను ఆపమని మొహమాటపడకుండా అడగండి. హైదరాబాద్‌లో మే నెలలో ఫ్యాను కింద రెండో దశ కంటికి కనపడకుండానే దాటిపోతుంది. వానాకాలంలో తిప్పలు వేరు, ఎంతకీ ఆరదు. హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చు, మెరుపు పోయాకే. ముందే పెడితే గాలి రంగును తోసేస్తుంది.

5. బొమ్మ వేసే వరుస

ఉదాహరణకు పొద్దుటి ఎండలో చార్మినార్. ఎండ పడే చోట తెల్లగా వదిలి, ఆకాశం నుంచి మినార్ల మీదుగా కిందిదాకా పల్చటి వాష్, పైన నీలం, కిందికి వచ్చేసరికి ఓకర్. పూర్తిగా ఆరాక నీడవైపు మొత్తాన్ని ఒకే ముద్దగా, అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపిన బూడిదతో. కమాను లోపలి చీకటి, బాల్కనీ గీతలు, జనం చివర్లో. కొత్తవాళ్లు జాలీ (చిల్లుల అల్లిక) పనితో మొదలుపెడతారు, ఆపై వాష్ వేయగానే అదంతా అలికిపోతుంది.

ఆరాక రంగు వెలిసినట్టు ఉందా? నీటిరంగు ఆరితే ఒక మెట్టు లేతబడుతుంది కాబట్టి తడిమీద కాస్త ముదురుగానే కనిపించాలి. బురదగా వచ్చిందా? మూడు రంగుల కంటే ఎక్కువ కలిసి ఉంటాయి, లేదా ఆరకముందే అక్కడే కెలికి ఉంటారు. మరక పడితే కంగారుగా తుడవకండి. పూర్తిగా ఆరనిచ్చి, తడి బ్రష్‌తో అంచు నెమ్మదిగా రుద్ది టిష్యూతో అద్దితే చాలావరకు తగ్గుతుంది.

6. వెళ్లేముందు

"బాగుందా సార్?" అని అడిగితే "బాగుందమ్మా" అనే అంటారు, ఇంకేమంటారు! "ఈ నీడ అంచు ఎందుకు గట్టిగా వచ్చింది సార్?" అని ఒకచోట వేలుపెట్టి అడగండి. అప్పుడు ఆయన బ్రష్ తీసి పక్క కాగితం మీద చేసి చూపిస్తారు.

టేపు తీసేది కాగితం ఎండాకే, బొమ్మకు బయటివైపుగా, ఏటవాలుగా. పాలెట్‌లో మిగిలిన రంగు కడిగి పారబోయకండి, నీళ్లు చల్లితే మళ్లీ పనికొస్తుంది. కానీ ఇంటికెళ్లాక మూత తెరిచి రాత్రంతా ఆరబెట్టండి, ముఖ్యంగా వానాకాలంలో. తడిగా మూసేస్తే నాలుగు రోజుల్లో బూజు పడుతుంది.